ఆరో తరగతి బ్యాండ్: పళ్లకి క్లిప్పులు పెడితే ఫ్లూట్ వాయించగలదా?

మేముండేది డాలస్ దగ్గర. మా అమ్మాయి ఆగస్టులో ఆరో తరగతికి వెళ్తుంది, స్కూల్లో కొత్తవాళ్లకి వాయిద్యాలు నేర్పే బిగినర్ బ్యాండ్‌లో చేరతానంటోంది. ఇక్కడ మిడిల్ స్కూల్ అయ్యేలోపు ఫైన్ ఆర్ట్స్‌లో ఏదో ఒకటి ఎలాగూ చెయ్యాలి కాబట్టి మాకు అభ్యంతరం లేదు, కానీ ఏ వాయిద్యం అన్నదగ్గరే ఆగిపోయాం. తను కొన్నాళ్లుగా కర్ణాటక వేణువు నేర్చుకుంటోంది, అందుకని బ్యాండ్‌లో వాడే మీటల ఫ్లూటే కావాలంటుంది. ఊదే పద్ధతి కొంచెం దగ్గరగానే ఉంటుందిగానీ, వెదురు వేణువులో రంధ్రాన్ని సగం మూసి గమకం పలికించే వేళ్లకి ఆ మీటలు అలవాటవుతాయా, రెండూ కలిపి నేర్చుకుంటే ఏదైనా ఒకటి పాడవుతుందా? ఇలా రెండూ చేసిన పిల్లలు మీ ఇంట్లో ఉంటే చెప్పండి.

పైగా త్వరలో పళ్లకి క్లిప్పులు పెట్టాలన్నారు. ట్రంపెట్‌కైతే పెదవిని పళ్లకి నొక్కిపెట్టాలి కాబట్టి కష్టమని నాకే అర్థమవుతోంది, మరి ఫ్లూట్‌కి, క్లారినెట్‌కి ఎలా ఉంటుంది? మా ఆయనేమో డ్రమ్స్ అంటున్నారు. (రోజూ ఇంట్లో వినాల్సింది నేను!)

ఇంకోటి, మొదటి ఏడాది నెలనెలా అద్దె కట్టి చివరికి సొంతం చేసుకునే పద్ధతి మంచిదా, లేక వాడినది కొని సర్వీసింగ్ చేయించుకోవడమా? ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా దొరికేవి చూస్తే నమ్మబుద్ధి కావట్లేదు. టీచర్‌ని కలిసేలోపు ఒక అవగాహన ఉంటే బాగుంటుందని అడుగుతున్నాను.