దుప్పటి మీద ఇనుప గుండు పెట్టి గురుత్వాకర్షణ చెప్పడం సరైనదేనా?

నల్గొండ సైన్స్ టీచర్:
మొన్న బడిలో సాగే బట్టను నలుగురు పిల్లలతో బిగించి పట్టించి, నడుమ ఇనుప గుండు పెట్టి గోళీలు వదిలాను. గుండు సూర్యుడు, గుంత స్థలకాల వక్రత (స్థలం, కాలం కలిసి వంగడం), చుట్టూ తిరిగే గోళీ భూమి. తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి అడిగింది: "సార్, గుండును భూమి లాగితేనే కదా బట్ట గుంత పడింది? ఆకర్షణను మళ్లీ ఆకర్షణతోనే ఎట్ల చెప్తరు?" జవాబు చెప్పలేకపోయాను. పదిహేనేళ్లుగా చూపిస్తున్నాను. మానేయాలా?

పాలమూరు లెక్చరర్:
మానేయకండి సార్. గురుత్వాకర్షణను ఈ వక్రతగా చెబుతూ ఐన్‌స్టీన్ 1915లో ఇచ్చిన సమీకరణాలు ఎమ్మెస్సీలోనూ కొందరికే అందుతాయి. పిల్లలకు కంటికి కనిపించేది ఒకటి కావాలి. 1919 గ్రహణంలో నక్షత్రాల కాంతి వంగడం కొలిచారు కదా, బట్ట చూపేది అదే.

మిర్యాలగూడ ఫిజిక్స్:
అందులో సగమే నిజం సార్, లెక్క ప్రకారమే సగం. సూర్యుడి అంచును తాకుతూ వచ్చే కాంతి 1.75 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) వంగుతుంది. కాలంలోని తేడా (సూర్యుడికి దగ్గరగా కాలం మెల్లగా నడవడం) ఒక్కటే లెక్కిస్తే సుమారు 0.87 వస్తుంది, మిగతాది స్థలం వంపు. కాంతికి అంత వేగం ఉంది కాబట్టి స్థలానికి అంత వాటా. రాలే చింతకాయకు ఆ వాటా లెక్కలోకే రాదు, దాన్ని నడిపేది దాదాపు అంతా కాలమే. బట్ట మీద కాలం ఎక్కడుంది?

చింతకాయలకు రెండు రాళ్లు విసిరామనుకోండి. ఒకటి మెల్లగా ఎత్తుకు, ఇంకోటి వడిసెలతో సూటిగా. మొదటిది బాగా వంగింది, రెండోది దాదాపు తిన్నగా పోయింది. భూమి ఒకటే అయినప్పుడు వంపులు రెండెందుకు? కాలాన్ని కూడా సెకనుకు మూడు లక్షల కిలోమీటర్ల పొడవుగా గీసి చూడండి. రెండు దారులూ ఒకే వంపు తిరుగుతాయి, దాదాపు ఒక కాంతి సంవత్సరం వ్యాసార్ధమున్న వృత్తంలో ముక్కల్లా. ఈ లెక్క వేసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పాలమూరు లెక్చరర్:
లెక్క బాగుంది. కానీ కాలం తేడాను పిల్లలకు చూపేదెట్లా?

మిర్యాలగూడ ఫిజిక్స్:
మన సాగర్ డ్యాం ఉంది కదా సార్. పునాది నుంచి 124 మీటర్లు. అడుగున ఒక గడియారం, పైన ఒకటి పెడితే పైది ఏడాదికి 0.43 మైక్రోసెకన్లు ముందుంటుంది. 22.5 మీటర్ల ఎత్తుకే వచ్చే తేడాను పౌండ్, రెబ్కా అనే శాస్త్రవేత్తలు గామా కిరణాలతో 1960లో కొలిచారు. జీపీఎస్ ఉపగ్రహాల్లో ఇది, వేగం వల్ల వచ్చే తేడా కలిపి రోజుకు 38 మైక్రోసెకన్లు.

హాలియా బత్తాయి తోట:
మాది లెక్కల డిగ్రీ. బట్ట బదులు బత్తాయి తీసుకోండి. కాయ నడుం దగ్గర రెండు చీమలు పక్కపక్కన బయల్దేరి తొడిమ వైపు తిన్నగా నడుస్తాయి. ఎవరూ లాగరు, ఏదీ కిందికి జారదు, అయినా దగ్గరవుతూ తొడిమ దగ్గర కలుస్తాయి. నడకనే కాలం గడవడం అనుకోమనండి. పక్కపక్కన వదిలిన రెండు రాళ్లు భూమి కేంద్రం వైపు పోతూ దగ్గరవడం కూడా ఇలాంటిదే. ఆ అమ్మాయి ప్రశ్న ఇక్కడ లేవదు.

పాలమూరు లెక్చరర్:
బత్తాయి మీద గ్రహం తిరగదు కదా. పిల్లలు అడిగేది కక్ష్య గురించి.

మిర్యాలగూడ ఫిజిక్స్:
బట్ట మీద గోళీ తిరిగే తీరు కూడా కెప్లర్ మూడో నియమానికి (సూర్యుడి నుంచి దూరాన్ని బట్టి గ్రహం ఒక చుట్టుకు ఎంత కాలం తీసుకుంటుందో చెప్పేది) కుదరదు సార్. తిరగడం కనిపిస్తుంది, కారణం మాత్రం వేరు.

నల్గొండ సైన్స్ టీచర్:
సోమవారం ముందు బత్తాయి తీసుకెళ్తాను, ఆ అమ్మాయి చేతికే ఇస్తాను. బట్ట తర్వాత, అదీ "ఇందులో కాలం లేదు" అని చెప్పాకే. కక్ష్యకు ఇంతకన్నా మంచి ప్రయోగం ఎవరికైనా తడితే ఆదివారంలోపు రాయండి.