అరకుకి ఎలక్ట్రిక్ కారా, రైలా?

ప్రశ్న: విశాఖ నుంచి నలుగురం రెండు రాత్రులకి అరకు వెళ్తున్నాం. డీజిల్ టాక్సీ వద్దనుకున్నాం. 30 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారుంది. ఘాట్‌లో చార్జింగ్ సరిపోతుందా? అమ్మకి మోకాళ్ల నొప్పులు.

ఘాట్‌రోడ్డు: ఫుల్ చార్జింగ్‌తో బయల్దేరితే సరిపోతుందండి. మనుషులు, సామానుతో బండి 1800 కిలోలనుకుంటే ప్రతి 100 మీటర్ల ఎత్తుకి అర యూనిట్ పోతుంది. అనంతగిరి దాటాక రోడ్డు అరకు కన్నా పైకి ఎక్కి మళ్లీ దిగుతుంది, కాబట్టి ఎక్కడానికే ఆరేడు యూనిట్లు లెక్కేసుకోండి. 115 కిలోమీటర్ల దూరానికి ఇంకో పదిహేను. చేరేసరికి ఎనిమిదో తొమ్మిదో మిగులుతాయి. అంటే అక్కడ చార్జింగ్ తప్పనిసరి.

అసలు చిక్కు బస దగ్గర ప్లగ్గుతోనే. 15 ఆంప్స్ సాకెట్ ఉన్నా ఎర్తింగ్ సరిగా లేకపోతే చార్జర్ ఎర్రలైటు వేసి ఆగిపోతుంది. గది బుక్ చేసే ముందే వాళ్ల ఎలక్ట్రీషియన్‌తో సాకెట్‌లో వోల్టేజీ మీటరుతో కొలిపించండి: ఫేజుకీ ఎర్తుకీ మధ్య 230 వోల్టుల దాకా రావాలి, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం వాడొద్దు, గంటల తరబడి లోడు పడితే కరిగిపోతుంది. అరగంటయ్యాక ప్లగ్గు ముట్టుకుని చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే ఆపేయండి.

తిరుగు ప్రయాణానికి 90 శాతం దగ్గరే చార్జింగ్ ఆపండి. బ్యాటరీ నిండుగా ఉంటే ఘాట్ దిగేటప్పుడు మోటారు పుట్టించే కరెంటు తీసుకోదు, బరువంతా బ్రేకుల మీదే పడుతుంది.

కేకే_లైన్: అమ్మగారున్నారు కాబట్టి నా ఓటు రైలుకే. కిరండూల్ ప్యాసింజర్ విశాఖలో ఏడు కాకముందే బయల్దేరుతుంది, అరకుకి దాదాపు నాలుగు గంటలు. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ బోగీకి ముందే రిజర్వేషన్ చేయించుకోండి. వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చుంటే లోయలు కనిపిస్తాయి. ఇది ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన లైను, గూడ్సుల కోసం ప్యాసింజర్‌ని ఆపేస్తుంటారు. తిరిగొచ్చిన రాత్రే విశాఖలో ఇంకో రైలు పట్టుకునేలా టికెట్ తీసుకోవద్దు. వానాకాలంలో బండరాళ్లు పడి లైను మూసేస్తారు కూడా, బయల్దేరే ముందు కనుక్కోండి.

ప్రశ్న అడిగినవారు: దారిలో బొర్రా దగ్గర దిగి గుహలు చూసి వెళ్లొచ్చా?

కేకే_లైన్: అమ్మగారితో వద్దండి. స్టేషన్ నుంచి కొంత నడవాలి, గుహల్లో మెట్లు చాలా ఉంటాయి, పైగా తడిగా జారుతుంటాయి. నేరుగా అరకులో దిగండి. గిరిజన మ్యూజియం, పద్మాపురం గార్డెన్స్ రెండూ దగ్గరే, ఆటో చాలు. బొర్రాకి మరుసటి రోజు మీలో ఇద్దరు బస్సులో వెళ్లి రావచ్చు.