నోట్లో తెల్ల మచ్చ: లైటు పరీక్ష చాలదా, ముక్క తీయాల్సిందేనా?

చిరునవ్వు77:
నాలుక పక్కన నెల రోజులుగా తెల్ల మచ్చ. నొప్పి లేదు, గీకితే రావడం లేదు. డాక్టరు గారు నీలం లైటు వేసి చూసి, నల్లగా కనిపిస్తోంది, క్యాన్సర్ ఏమైనా ఉందేమో తేల్చుకోవడానికి బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేద్దాం అన్నారు. ఇంత టెక్నాలజీ వచ్చాక కూడా ఇంకా కత్తేనా?

సూటిగా:
లైటుతో తేలదండీ. ఆ కాంతిలో నోటి లోపలి పొర బాగుంటే ఆకుపచ్చగా మెరుస్తుంది. కణాలు మారిన చోట మెరుపు పోయి నల్లబడుతుంది. చిక్కేమిటంటే, పన్ను ఒరుసుకుని వాచినా అలాగే నల్లబడుతుంది. రెండింటికీ తేడా మైక్రోస్కోపు కింద ముక్క పెట్టి చూస్తేనే తెలిసేది.

మధ్యేమార్గం:
మరీ అంత తీసిపారేయకండి. మచ్చ పెద్దదైతే ముక్క ఎక్కడ తీయాలన్నదే తలనొప్పి. తెల్లటి చోట తీస్తే ఏమీ లేదని రావచ్చు, పక్కనే ఎర్రగా ఉన్న చోట ముదిరి ఉండొచ్చు. లైటు గానీ, మచ్చ మీద పూసి చూసే టొలుయిడిన్ బ్లూ రంగు గానీ అక్కడే పనికొస్తాయి.

సూటిగా:
చోటు వెతకడానికైతే సరే, ఒప్పుకుంటా. బయాప్సీ మానేయడానికి మాత్రం కాదు. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2017 మార్గదర్శకాలూ అదే చెప్పాయి: అనుమానంగా ఉన్న మచ్చ కంటికి కనిపిస్తుంటే లైటు, రంగు పరీక్షలను నమ్ముకోవద్దని. బ్రష్‌తో కణాలు తీసే పరీక్ష బయాప్సీకి ససేమిరా అనేవాళ్లకు. అందులో తేడా వస్తే మళ్లీ బయాప్సీకే రావాలి, ఇక దేనికండీ ఆ చుట్టుదారి!

చిరునవ్వు77:
కత్తి పెడితే పాకుతుందని ఇంట్లో పెద్దవాళ్ల టెన్షన్.

పళ్ల డాక్టరమ్మ:
నేను రోజూ వినే మాటే ఇది. ఆ భయంతో నెలలు గడిపేసి, పుండు గట్టిపడ్డాక వచ్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది. మత్తు సూది వేసి కొన్ని మిల్లీమీటర్ల ముక్క తీస్తాం, ఒకటో రెండో కుట్లు పడతాయి. కొన్ని రోజులు కారం తగిలితే మంట, అంతే. నాలుక పక్క భాగం, నాలుక కింది భాగం మేము ఎక్కువ అనుమానంతో చూసే చోట్లు. రెండు వారాలు దాటినా మానని పుండుకీ ఇదే మాట.

మధ్యేమార్గం:
అయితే మచ్చ మొత్తం ఒకేసారి తీసేస్తే పోలా?

పళ్ల డాక్టరమ్మ:
చిన్నదైతే తీస్తాం. కానీ తీసిన చోటే మళ్లీ రావచ్చు, అందుకే ఆ తర్వాత కూడా చూపించుకుంటూ ఉండాలి.

చిరునవ్వు77:
గురువారం వెళ్తున్నాను. ముక్క ఎక్కణ్నుంచి తీస్తారో ముందే అడుగుతాను.