అప్‌డేట్: డిస్క్ లేకుండా విండోస్ 11 రీఇన్‌స్టాల్, డ్రైవ్ కనిపించని సమస్య తీరింది

విజయనగరం నుంచి మొన్న అడిగింది నేనేనండి. 11వ తరం ఇంటెల్ లాప్‌టాప్, ఒరిజినల్ విండోస్ డిస్క్ లేదు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో సెటప్ చేసుకుని బూట్ చేస్తే, ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలో ఎంచుకునే చోట లిస్టు ఖాళీగా వచ్చేది. సాయం చేసిన అందరికీ థాంక్స్.

పని చేసింది వీఎండీ (ఎస్‌ఎస్‌డీని నియంత్రించే ఇంటెల్ ఫీచర్) డ్రైవర్ లోడ్ చేయమన్న సలహాయే. కోట జంక్షన్ దగ్గర రిపేరు షాపులోనూ అదే తేల్చారు. ఎస్‌ఎస్‌డీ శుభ్రంగా ఉంది. బయోస్‌లో (లాప్‌టాప్ మూల సెట్టింగుల్లో) వీఎండీ ఆన్‌లో ఉండటంతో, దాని డ్రైవర్ లేని ఇన్‌స్టాలర్‌కి డ్రైవ్ కనపడలేదు. లాప్‌టాప్ మోడల్‌కి ఇచ్చిన ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ (వీఎండీ డ్రైవర్ ఇందులోనే ఉంటుంది) దించి, విప్పి, ఐఎన్‌ఎఫ్ ఫైలు (సెటప్ చదివే డ్రైవర్ వివరాల ఫైలు) ఉన్న ఫోల్డర్‌ని అదే పెన్‌డ్రైవ్‌లో వేశాను. ఈఎక్స్‌ఈ ఫైలు అలాగే వేస్తే సెటప్ చదవదు, ఇక్కడే చాలామంది ఆగిపోతారు. 'లోడ్ డ్రైవర్' నొక్కి ఆ ఫోల్డర్ చూపించగానే 476.9 జీబీ అని డ్రైవ్ ప్రత్యక్షం! డేటా ముందే బ్యాకప్ ఉంది కాబట్టి పాత పార్టిషన్లన్నీ తీసేసి, ఖాళీ స్పేస్ మీద నెక్స్ట్ కొట్టాను.

పెన్‌డ్రైవ్ మార్చడం, సెక్యూర్ బూట్ (బూట్ భద్రత సెట్టింగు) ఆపడం లాంటి సలహాలు దీనికి సంబంధం లేనివి. ప్రొడక్ట్ కీ కూడా అక్కర్లేదు: 'కీ లేదు' అని నొక్కి, పాత హోమ్ ఎడిషనే ఎంచుకున్నాను, వైఫై తగలగానే యాక్టివేట్ అయింది. వైఫై డ్రైవర్ మాత్రం ముందే దించి పెట్టుకోండి.