జర్మనీ ద్రాక్షతోటల వెనక అడవిలో మౌంటెన్ బైకింగ్: అనంతగిరి అలవాటు సరిపోతుందా?

అత్తాపూర్_పెడల్

అందరికీ నమస్కారం. నాకు 52 ఏళ్లు, బ్యాంకు ఉద్యోగం. ఎనిమిదేళ్లుగా సైకిలు తొక్కుతున్నాను. మామూలుగా హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సోలార్ కప్పు వేసిన ట్రాక్ మీద నార్సింగి నుంచి కొల్లూరు దాకా పోయి వస్తాను. నెలకోసారి కారుకు సైకిలు కట్టుకుని వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టలకు వెళ్తాను. నా బండికి ముందు మాత్రమే సస్పెన్షన్, కేబుల్ డిస్క్ బ్రేకులు.

మా అమ్మాయి మాన్‌హైమ్‌లో ఎం.ఎస్. చేస్తోంది. సెప్టెంబరు మూడో వారంలో నేను, మా ఆవిడ వెళ్లి 20 రోజులు ఉంటాం. అక్కడికి దగ్గరలోనే, రైను నదికి పడమట, మైళ్ల కొద్దీ ద్రాక్షతోటలు, వాటి వెనకే అడవి కొండలు. ఇంగ్లీషులో పాలటినేట్ అంటారట, అక్కడివాళ్లు ఫాల్ట్స్ అంటారట. అమ్మాయి ఫోటోలు పంపినప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

దీనికో కారణం ఉంది. మా పెదనాన్నకు మేడ్చల్ వైపు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోట ఉండేది. ఒంటిపూట బడుల రోజుల్లో పందిరి కింద గుత్తులు నెత్తికి తగులుతుంటే వంగి నడిచేవాళ్లం. బయట ఎండ మండుతున్నా లోపల చల్లగా ఉండేది. ఇప్పుడక్కడ విల్లాలున్నాయి. ద్రాక్షతోటల్లోంచి సైకిలు మీద పోవాలని అప్పటి నుంచీ ఒక పిచ్చి.

బండి ఇక్కడి నుంచి తీసుకెళ్లాలా, అక్కడ అద్దెకు తీసుకోవాలా? ఈ వయసులో రెండు మూడు రోజులు అక్కడి గుట్టలు ఎక్కగలనా? మా ఆవిడ శాకాహారి, ఆమెకు తిండి ఎలా? ఇంకొకటి, మధ్యలో ఒక గ్లాసు వైన్ తాగి సైకిలు తొక్కవచ్చా? ఈ చివరి ప్రశ్న మా ఆవిడ అడగమన్నది కాదు.

సైనిక్‌పురి_చెయిన్

అన్నగారూ, మావారి ఉద్యోగం వల్ల నాలుగేళ్లు ఆ అడవికి అవతలి అంచునున్న కైజర్స్‌లౌటర్న్‌లో ఉన్నాం. ఆయన ఆఫీసుకు పోతే నేను అడవికి పోయేదాన్ని. కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను.

బండి మోసుకెళ్లకండి. పెడళ్లు విప్పి, హ్యాండిల్ తిప్పి, అట్టపెట్టెలో కుక్కి, ఎయిర్‌పోర్టులో పెద్ద సామాను కౌంటర్ ఎక్కడుందో వెతుక్కోవడం మూడు రోజుల ముచ్చటకు దండగ. మీ హెల్మెట్, గ్లవ్స్, అలవాటైన పెడళ్లు పట్టుకెళ్లండి, చాలు.

అయితే అద్దె బండి ఎక్కగానే ముందు బ్రేకులు చూసుకోండి. మనకు కుడిచేతిది ముందు చక్రానికి, ఎడమచేతిది వెనక చక్రానికి. అక్కడ ఉల్టా. నాకిది ఎవరూ చెప్పలేదు. మొదటి నెలలో ఒక దిగుడు మలుపులో ఇద్దరు ముసలి దంపతులు చేతికర్రలతో ఎదురొచ్చారు. వెనక బ్రేకే కదా అని ఎడమచేత్తో గట్టిగా పట్టాను. ముందు చక్రం ఇసుకలో దిగబడి ఆగిపోయింది, నేను మాత్రం ఆగలేదు. హ్యాండిల్ మీంచి ఎగిరి పైన్ చెట్టు కింద పడ్డాను. ఆ పెద్దాయన లేవదీశాడు, ఆవిడ సంచిలోంచి ప్లాస్టర్ తీసి మోకాలికి వేసింది. వేస్తున్నంతసేపూ జర్మన్‌లో ఏదో చెబుతూనే ఉంది. ఓదార్చిందో తిట్టిందో ఇప్పటికీ తెలీదు.

అక్కడి కొండలు ఎర్రటి ఇసుకరాయివి. అది అరిగి దారంతా ఇసుకవుతుంది. వికారాబాద్ మొరం చక్రం కింద దొర్లుతుంటే చప్పుడుతోనే తెలిసిపోతుంది. ఆ ఇసుక అట్లా కాదు, పైన ఎండిన పైన్ ఆకులు పరుచుకుని గట్టినేలలా కనిపిస్తుంది. మలుపులోకి వెళ్లాక కాదు, ముందే వేగం తగ్గించుకోవాలి.

మీ పందిరి సంగతి చదివి మనసు కొంచెం అదోలా అయింది, కానీ అక్కడ పందిళ్లు ఉండవు. తీగలను మనిషెత్తు కంచెల్లా వరసగా కట్టి పెంచుతారు, నీడ ఉండదు. వాటి మధ్య దారులు ట్రాక్టర్ల కోసం వేసిన సిమెంటు, తారు దారులు. అసలు మౌంటెన్ బైకింగ్ తోటలు అయిపోయాకే మొదలవుతుంది. మైదానం మీద తోటలు, వాటి అంచున గోడ కట్టినట్టు అడవి. ఆ అంచు వెంబడే వాళ్ల వైన్ రోడ్డు పోతుంది. 1935లో పేరు పెట్టారు, బాకెన్‌హైమ్ నుంచి ఫ్రాన్స్ సరిహద్దులో ష్వైగెన్ దాకా 85 కిలోమీటర్లు. వదినగారిని మామూలు సైకిలెక్కించి ఆ తోటల దారుల్లో ఒకరోజు తిప్పండి. మీరొక్కరే కొండెక్కి వస్తే ఇంట్లో శాంతి ఉండదు.

కొండకు నోయ్‌స్టాట్ నుంచి మొదలుపెట్టండి. మాన్‌హైమ్ నుంచి లోకల్ రైల్లో అరగంట. మామూలు రోజుల్లో ఉదయం 9 దాటాక ఎక్కితే సైకిలుకు వేరే టికెట్ అక్కర్లేదు. ఊరు దాటగానే హాంబాఖ్ కోట వస్తుంది. 1832లో జనం స్వేచ్ఛ కావాలని, ఇప్పటి జర్మనీ జెండా రంగులైన నలుపు, ఎరుపు, బంగారు రంగుల జెండాలు పట్టుకుని ఎక్కింది ఆ గుట్టే. అక్కడ నీళ్లు తాగి, హోహె లోగ్ అనే గుట్ట మీదుగా కాల్మిట్ శిఖరం. 673 మీటర్లు, ఆ అడవిలో అన్నిటికంటే ఎత్తు. వినడానికి ఏముంది, మన హైదరాబాదే 500 మీటర్ల పైన ఉంది. కానీ నోయ్‌స్టాట్ 140 మీటర్ల దగ్గరుంది. అంటే 530 మీటర్లు ఎక్కాలి. గోల్కొండ గుట్ట 120 మీటర్లు అనుకుంటే నాలుగు గోల్కొండలు, పైన ఇంకో బాలాహిస్సార్ మెట్లు. నెమ్మదిగా పోతే మీరు ఎక్కేస్తారు. వెడల్పు అడవి రోడ్డు మీదే ఎక్కండి, సన్నదారులు తరవాత చూసుకోవచ్చు.

మోటారు సాయం ఉన్న బండి తీసుకోవడానికి సిగ్గుపడకండి, అక్కడ డెబ్బై ఏళ్లవాళ్లు వాటి మీదే మనల్ని దాటిపోతూ హలో చెప్తారు. పెడల్ తొక్కితేనే సాయం చేస్తుంది, 25 కిలోమీటర్ల వేగం దాటితే మోటారు ఆగిపోతుంది. కాకపోతే బండి 20 కిలోల పైమాటే. ఎక్కేటప్పుడు తెలీదు, దిగేటప్పుడు ఆ బరువంతా మీ బ్రేకుల మీదే.

తిండి గురించి. అడవిలో నడకసంఘం వాళ్ల గుడిసెలుంటాయి (గుడిసె అంటారు గానీ రాతి ఇళ్లు). చాలావాటికి బుధవారం, శని, ఆదివారాలే తలుపులు తెరుస్తారు, నోట్లు దగ్గర పెట్టుకోండి. వదినగారికి ఉల్లిపాయ ముక్కలు కలిపిన మెత్తటి జున్నులాంటిది, రొట్టెతో ఇస్తారు, బాగుంటుంది. డంప్‌ఫ్‌నూడెల్ అని ఆవిరి మీద ఉడికే పెద్ద బన్ను ఉంటుంది, అడుగు ఉప్పగా, కరకరగా మాడి ఉంటుంది. అడుగంటిన ఇడ్లీ కోసం చిన్నప్పుడు కొట్టుకున్నవాళ్లకు ఆ రుచి తెలుస్తుంది. గుడ్డు వేశారా అని అడగండి. బంగాళాదుంప సూపులో పంది మాంసం ముక్కలు తేలుతుంటాయి, అదీ అడగండి.

ఇక అసలు ప్రశ్న. ఆ గుడిసెల్లో వైన్‌లో సోడా కలిపి అరలీటరు గ్లాసులో ఇస్తారు. గ్లాసుకు చుట్టూ వేలు ఆనేటట్టు గుంటలుంటాయి. సోడా కలుపుతారు అన్నానే గానీ, ఆ ప్రాంతంలో సోడా వాసన చూపిస్తారంతే. రక్తంలో ఆల్కహాలు 1.6 పర్ మిల్ (వెయ్యింట 1.6 వంతులు) దాటితే సైకిలు మీదున్నా నేరమే. 0.3 దాటి ఎవరినైనా గుద్దినా, మీరే పడినా కేసు కావచ్చు. నేను ఎప్పుడూ కొండ దిగి, స్టేషన్ దగ్గర బండికి తాళం వేశాకే తాగాను. ఇసుక మలుపులు అవే సరిపోతాయి, ఇంకా వైన్ ఎందుకు.

సెప్టెంబరు కాబట్టి ఇంకో సంగతి. అప్పుడే కోతలు. ట్రాక్టర్ ట్రెయిలర్లలోంచి రసం కారి దారి జిగటగా ఉంటుంది, కందిరీగలు ముసురుతుంటాయి. అప్పుడే కొత్త వైన్ అమ్ముతారు, ఇంకా పులుస్తూ ఉన్నది. పొద్దున దింపిన కల్లు మధ్యాహ్నానికి ఎట్లా మారుతుందో అదీ అంతే. తియ్యగా, మబ్బుగా, నురగగా ఉంటుంది. గ్యాస్ పోవాలని సీసా మూత గట్టిగా బిగించరు. ఈ సంగతి తెలియక నేను ఒక సీసాను బ్యాగులో అడ్డంగా పెట్టుకుని కాల్మిట్ దిగాను. కింద సాంక్ట్ మార్టిన్ చేరేసరికి సీసాలో సగం, నా వీపు మీద సగం. రైల్లో ఒక్కరు కూడా నా పక్కన కూర్చోలేదు.

మొరం_మహేష్

మేడం అన్నీ చెప్పేశారు. సార్, నేను వికారాబాద్‌వాణ్ణి, ప్రతి ఆదివారం అనంతగిరిలోనే ఉంటా. టౌను నుంచి గుడి దాకా ఐదారు కిలోమీటర్లు, ఎక్కేది తక్కువ. ఒకసారి ఎక్కి టీ తాగి ఫోటో దిగితే లాభం లేదు. వరసగా నాలుగు సార్లు ఎక్కి దిగండి, కింద ఐదు నిమిషాలకు మించి ఆగొద్దు. ఓఆర్ఆర్ ట్రాక్ మీద యాభై కిలోమీటర్లు తొక్కినా అరచేతులు నొప్పి పుట్టవు. అక్కడ దిగుడులో ముందు పోయేవి చేతులే.

సీటు దించుకుని దిగడం ఇప్పుడే నేర్చుకోండి. పెడళ్లు రెండూ ఒకే ఎత్తులో, మోచేతులు బయటికి, బ్రేకు మీద ఒక్క వేలు. చాలామంది నాలుగు వేళ్లతో పట్టుకుంటారు, పది నిమిషాలకే పిడికిలి బిగుసుకుపోతుంది.

ఉప్పల్_టు_స్టుట్‌గార్ట్

ఒక హెచ్చరిక. మాన్‌హైమ్ ఉన్నది బాడెన్-వ్యూర్టెంబెర్గ్‌లో. ఆ రాష్ట్రంలో రెండు మీటర్ల కంటే సన్నటి అడవి దారిలో సైకిలు తొక్కకూడదు. నది దాటి లుడ్విగ్స్‌హాఫెన్‌లో అడుగుపెడితే వేరే రాష్ట్రం. ఆ రూలు అక్కడ లేదు, కానీ కాలిబాటలు అక్కడా నడిచేవాళ్లవే. మౌంటెన్ బైకులకని బోర్డులు పెట్టిన దారులున్నాయి, వాటి మీదే పోండి. గంట కొట్టి, వేగం తగ్గించి, గుడ్ డే చెప్తే ఎవరూ ఏమీ అనరు.

ఇంకొకటి, పిడుదులు. మనకు గొడ్ల మీద కనిపించేవే, అక్కడ గడ్డిలోంచి మన కాళ్లెక్కుతాయి. నువ్వుగింజంత ఉంటాయి, కుట్టినా నొప్పి ఉండదు. లైమ్ జబ్బు వస్తుంది వాటివల్ల. ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, చంకల్లో, నడుము పట్టీ కింద చూసుకోండి. పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిదానంగా లాగాలి. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. టీకా ఉన్నది లైమ్‌కు కాదు, పిడుదుల వల్లే వచ్చే మెదడువాపుకు; వెళ్లే ముందు దాని సంగతి మీ డాక్టరును అడగండి.

చీకటి కూడా లెక్కలో పెట్టుకోండి. ఆ రోజుల్లో సూర్యాస్తమయం ఏడుంపావు ప్రాంతంలో, చెట్ల కింద అంతకంటే ముందే మసక.

అత్తాపూర్_పెడల్

చెల్లెమ్మా, తమ్ముళ్లూ, అందరికీ థాంక్స్. బండి తీసుకెళ్లడం లేదు. మా ఆవిడ ఈ పేజీ మొత్తం చదివింది. అద్దె సైకిలు తనకూ ఒకటి బుక్ చెయ్యమంది. చివరి ప్రశ్న గురించి ఇంకా మాట్లాడలేదు, అదే నాకు టెన్షన్.

బ్రేకుల సంగతి మనసులో పడిపోయి శనివారం అత్తాపూర్‌లో మా మెకానిక్ దగ్గరికి పోయాను. నాది కేబుల్ బ్రేకు కదా, పావుగంటలో అటుది ఇటు మార్చేశాడు. "అందరూ ఉల్టా ఉంటే సీదా చెయ్యమంటారు, మీరేంది సార్ సీదాది ఉల్టా చెయ్యమంటున్నరు" అన్నాడు. వెళ్లేలోపు చేతులకు అలవాటవుతుందని నా ప్లాను. ఆదివారం మొత్తం అనంతగిరిలో మహేష్ చెప్పినట్టు నాలుగు సార్లు ఎక్కి దిగాను, ఒక్కసారి కూడా తప్పు నొక్కలేదు. సాయంత్రం మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పిల్లాడి బంతి అడ్డమొచ్చింది. ఎడమచెయ్యి దానంతటదే పోయింది. వాచ్‌మెన్ వచ్చి లేపాడు. మోచెయ్యి గీసుకుపోయింది, అంతే.

సైనిక్‌పురి_చెయిన్

అయ్యో అన్నగారూ! టిటనస్ ఇంజెక్షన్ వేయించుకున్నారా? బ్రేకులు మాత్రం మళ్లీ మార్పించకండి, అట్లాగే తొక్కండి. ఇంకా నాలుగు వారాలున్నాయి.