ఇనుప ఖనిజాన్ని ‘కరిగించడం’ అనొచ్చా?

ప్రశ్న: ఇనుము తయారీ చరిత్ర మీద వ్యాసం రాస్తున్నాను. ఖనిజం నుంచి లోహాన్ని వేరుచేసే ‘స్మెల్టింగ్’కు పాఠ్యపుస్తకాల్లో ఉన్న ‘ప్రగలనం’ మరీ బరువుగా ఉంది. ‘ఖనిజాన్ని కరిగించడం’ అంటే సరిపోతుంది కదండీ?

జవాబు: బ్లాస్ట్ ఫర్నేస్ (గాలిని గట్టిగా కొట్టే ఎత్తైన కొలిమి) గురించి రాసేటప్పుడు ఫరవాలేదండీ. అంతకు ముందటి కొలిముల విషయంలో మాత్రం దయచేసి వాడకండి, జరిగిన పనే తారుమారవుతుంది. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల సెల్సియస్ కావాలి. మట్టితో కట్టి, కట్టెబొగ్గు వేసి, తిత్తులతో ఊదే పాతకాలపు కొలిమిలో వేడి 1200 చుట్టుపక్కలే ఉండేది. బొగ్గు మండి పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది, ఇనుము గట్టిగానే మిగులుతుంది. కరిగి కారేది చిట్టెం, అంటే ఖనిజంలోని మలినాల మడ్డి! లోపల తయారయ్యే ముద్ద స్పాంజిలా బొరియలు బొరియలుగా ఉంటుంది. ఆ బొరియల్లో ఇంకా చిట్టెం ఇరుక్కుని ఉంటుంది కాబట్టి ఎర్రగా ఉన్నప్పుడే సమ్మెటతో బాది బాది కక్కించాలి. అలా సాగగొట్టినదే చేత ఇనుము.

పోత ఇనుము కథ వేరు. ఎత్తైన కొలిమిలో గాలి గట్టిగా కొడితే ఇనుము కార్బన్‌ను పీల్చుకుంటుంది. అది 4 శాతం దాకా చేరితే 1150 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. చైనాలో క్రీ.పూ. 5వ శతాబ్దానికే ఇలా కరిగించి అచ్చుల్లో పోశారు. ‘పోత’, ‘చేత’ అన్న రెండు మాటల్లోనే ఈ తేడా అంతా ఉంది, వాటిని వదులుకోకండి. ఇక 1709లో ఇంగ్లండ్‌లో డార్బీ కట్టెబొగ్గు బదులు కోక్ (గాలి తగలకుండా కాల్చిన రాతిబొగ్గు) వాడటం, 1856లో బెస్సెమర్ కరిగిన ఇనుములోకి గాలి ఊది ఉక్కు చేయడం, ఇవన్నీ పోత దారిలో వచ్చినవే.

మరొకరు: మరి ఇప్పటి స్పాంజ్ ఐరన్?

జవాబు: అందులోనూ ఇనుము కరగదండీ. బొగ్గుతోనో, సహజవాయువు నుంచి తీసిన వాయువులతోనో, ఈమధ్య హైడ్రోజన్‌తోనో ఆక్సిజన్‌ను తీసేస్తారు. కరిగించడం ఆ తర్వాత, విద్యుత్ కొలిమిలో.

ప్రశ్న అడిగినవారు: అయితే రెండింటికీ పనికొచ్చే తేలిక మాట ఏదైనా ఉందా?

జవాబు: ‘ఇనుము తీయడం’ అనండి. నూనె తీయడం, వెన్న తీయడం అంటాం కదా, అదే తీయడం. ఎలా తీశారో తర్వాతి వాక్యంలో చెప్పుకోవచ్చు.