అప్‌డేట్: మెయిన్‌ఫ్రేమ్ ట్రాఫిక్ రెండో దారికి మళ్లకపోవడానికి కారణం తెలిసింది

జెడ్ ఓఎస్ (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్) నడిచే మా వ్యవస్థకు రెండు ఓఎస్ఏ కార్డులు (మెయిన్‌ఫ్రేమ్ నెట్‌వర్క్ కార్డులు), రెండు రౌటర్లు ఉన్నా, ఒక రౌటర్ ఆగిన రోజున సెషన్లు రెండో దారికి ఎందుకు మళ్లలేదని ఇంతకుముందు అడిగాను. కారణం స్టాటిక్ రూట్లే, అంటే ముందే చేత్తో రాసిపెట్టిన దారులే. కార్డు నుంచి స్విచ్ దాకా లింకు సజీవంగానే ఉండడంతో, ఆ స్విచ్‌కు అవతల రౌటర్ చనిపోయిన సంగతి మెయిన్‌ఫ్రేమ్‌కు తెలియనే లేదు. కేబుల్ పీకితే మాత్రం లింకే తెగి ఆ సంగతి తెలుస్తుంది కాబట్టి, అలా చేసిన మా పాత పరీక్షలన్నీ నెగ్గాయి.

మీ సలహా ప్రకారం ఓఎంప్రౌట్ అనే జెడ్ ఓఎస్ ప్రోగ్రామ్ ద్వారా ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లతో మాట్లాడి దారులను తనంతట తానే తెలుసుకునే ప్రోటోకాల్) నడిపి, ఏ కార్డుకూ కట్టుబడని వర్చువల్ ఐపీ చిరునామాను, అంటే వీపాను, రెండు దారుల్లోనూ ప్రకటించాము. హలో వ్యవధి (పలకరింపు సందేశాల మధ్య విరామం) 10 సెకన్లు, డెడ్ ఇంటర్వల్ (సందేశం రాకపోతే అవతలి రౌటర్ చనిపోయినట్టు తేల్చే గడువు) 40 సెకన్లు అనే డిఫాల్ట్ విలువలు మాకు ఎక్కువ అనిపించడంతో, నెట్‌వర్క్ బృందంతో మాట్లాడి ఇరువైపులా ఒకేలా 3, 12 సెకన్లకు తగ్గించాము. ఈసారి రౌటర్‌నే ఆపి చూస్తే, లోపలికి వచ్చిన సెషన్లు కొన్ని క్షణాలు ఆగి, తెగకుండా కొనసాగాయి.

అయితే మెయిన్‌ఫ్రేమ్ నుంచి బయటకు వెళ్లే కనెక్షన్లు కార్డు చిరునామాతోనే బయలుదేరుతున్నాయని అప్పుడే గమనించాము. బయటకు వెళ్లే కనెక్షన్లకు వీపానే సోర్స్ చిరునామాగా వాడించే సోర్స్‌వీపా అమర్చాక అదీ సరిపోయింది. టీసీపీ స్టాక్ (మెయిన్‌ఫ్రేమ్‌లో నెట్‌వర్క్ పనులు చూసే సాఫ్ట్‌వేర్) మొత్తం పడిపోతే మాత్రం ఇది చాలదు. దానికోసం సిస్‌ప్లెక్స్‌లోని (కలిసి పనిచేసే జెడ్ ఓఎస్ వ్యవస్థల సమూహంలోని) మరో ఎల్పార్‌కు (మెయిన్‌ఫ్రేమ్‌లో విడిగా నడిచే భాగానికి) మారే డైనమిక్ వీపాను సిద్ధం చేస్తున్నాము. ఓపికగా వివరించిన అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు.